చెవి తగ్గిందని వెనక గదికి పంపకండి: బ్యాంకు పెద్దలకు బహిరంగ లేఖ

ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉన్నతాధికారులకు, హెచ్‌ఆర్ విభాగాల వారికి, బ్రాంచి మేనేజర్లకు, మన ఉద్యోగ సంఘాల నాయకులకు,

నమస్కారం.

నేను గోదావరి జిల్లాల్లో ఒక బ్రాంచిలో ఆఫీసర్‌ని. క్లర్కుగా చేరి, క్యాష్ కౌంటర్, గోల్డ్ లోన్లు, పంట రుణాలు, డ్వాక్రా ఖాతాలు అన్నీ చూసి ఇక్కడిదాకా వచ్చాను. నలభై దాటాక రెండు చెవులూ మందగించడం మొదలైంది. ఏడాదికేడాది ఇంకాస్త తగ్గుతోంది. లోపలి చెవిలోనే లోపం, దీనికి మందు లేదు, ఆపరేషన్‌తో పోయేది కాదు, చెవి మిషన్లు పెట్టుకుని నెట్టుకురావడమే అని డాక్టర్లు తేల్చేశారు. ఏ బ్యాంకో చెప్పను. చెబితే అది నా ఒక్కదాని ఫిర్యాదై ఒక ఫైల్లో చేరిపోతుంది. రిటైర్‌మెంటుకి ఇంకా చాలా ఏళ్లుండగానే చెవి తగ్గుతూ, ఆ సంగతి పక్క సీటు వాళ్లకి కూడా చెప్పకుండా పనిచేస్తున్నవాళ్లు ప్రతి బ్యాంకులోనూ ఉన్నారు. వాళ్లందరి తరఫునా అనడం పెద్ద మాటే గానీ, వాళ్ల గురించి కూడా అనుకుని చదవండి.

మన దగ్గర వినికిడి లోపం ఉన్న ఉద్యోగులు రెండు రకాలు. మొదటి రకం వాళ్లు రిక్రూట్‌మెంట్‌లోనే ఆ కోటాలో వస్తారు. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, మీ దగ్గర ఫైలు ఉంటుంది. వాళ్లకి జరగాల్సినవన్నీ జరుగుతున్నాయని నేననను, కానీ వాళ్లున్నారని మీకు తెలుసు. రెండో రకం మేము. చేరినప్పుడు శుభ్రంగా విన్నాం, మెడికల్ పాసయ్యాం. మధ్యలో తగ్గడం మొదలైంది. మాకు ఏ ఫైలూ లేదు. మీకు చెప్పాల్సిన రోజు ఏదో, ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో రాసిన సర్క్యులర్ ఒక్కటీ నా కంటపడలేదు. అందుకే దాచుకుంటాం. నేను మిమ్మల్ని అడగబోయేదంతా దీని గురించే. చెప్పుకున్నా ఫరవాలేదన్న ధైర్యం మాకు కలిగించండి.

ముందు ఒక అపోహ తీసేయాలి. చెవి తగ్గడమంటే రేడియో వాల్యూమ్ తగ్గించినట్టు ఉంటుందనుకుంటారు. గట్టిగా మాట్లాడితే సరిపోతుందనుకుంటారు. అలా ఉండదు. లోపలి చెవిలో కాక్లియా అనే చిన్న మెలి తిరిగిన భాగం ఉంటుంది. దాంట్లో సన్నటి వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు శబ్దాన్ని పట్టి నరానికి అందిస్తాయి. ఆ కణాలు పోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. చాలామందికి ముందుగా పోయేవి సన్నని, కీచు శబ్దాలను పట్టేవి. తెలుగు మాటలో అచ్చులకి బలం ఎక్కువ, అవి నాకు అందుతాయి. క, చ, త, ప, స, శ లాంటివి బలం తక్కువ శబ్దాలు, అవి జారిపోతాయి. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు.

మన కౌంటర్ దగ్గర దాని అర్థం ఇదీ. ఒక పెద్దాయన అద్దం అవతల నిలబడి పాస్‌బుక్ లోపలికి తోస్తూ “డబ్బులు తీయాలమ్మా” అంటాడు. ఇంకొకాయన “డబ్బులు వేయాలమ్మా” అంటాడు. నాకు రెండూ “యాలమ్మా” అనే వినపడతాయి. ఇరవై వేలు, అరవై వేలు ఒకేలా ఉంటాయి. ఏడు వందలు, ఆరు వందలు అంతే. బ్యాంకులో ఇంతకంటే ముఖ్యమైన తేడాలు ఇంకేం ఉంటాయి చెప్పండి. కాబట్టి కస్టమర్ నోరు తెరవకముందే నా పని మొదలవుతుంది. చేతిలో ఉన్నది తెల్ల స్లిప్పా, ఇంకో రంగుదా? సంచి బరువుగా ఉందా, ఖాళీగా ఉందా? పెదవులు ఎలా కదులుతున్నాయి? ఇవన్నీ చూసుకుంటాను. స్లిప్పు మీద అంకె రాసి ఉంటే నాకంటే కచ్చితంగా పనిచేసేవాళ్లు లేరు. రాయని చోటే చిక్కు. చదువు రాని వాళ్లు నోటితో చెబుతారు. వాళ్ల మాట నాకు అందాలి, నా వల్ల వాళ్లు రెండోసారి అరిచి చెప్పుకోకూడదు. పక్కన జనం వింటుంటే ఎవరైనా తన ఖాతాలో ఎంతుందో అరిచి చెప్పుకుంటారా?

దానికి తోడు మన హాలు. పక్క కౌంటర్లో నోట్ల మిషన్ గరగరా తిరుగుతూంటుంది. పైన ఫ్యాన్లు. ప్రింటర్ పాస్‌బుక్ మీద కిర్రుమంటుంది. గ్రానైటు నేల, సిమెంటు గోడలు, పరదా ముక్క కూడా లేని కిటికీలు. ఏ శబ్దమూ ఇంకదు, గోడకి కొట్టుకుని మళ్లీ వస్తుంది. 2020లో కరోనాకి పెట్టిన ప్లాస్టిక్ షీట్లు మా హాల్లో ఇంకా అలాగే ఉన్నాయి. ఆ ఏడాది అందరూ మాస్కులు కట్టినప్పుడే నాకు నా సంగతి పూర్తిగా అర్థమైంది. అప్పటిదాకా సగం మాట పెదవుల మీద చదువుకుని నెట్టుకొస్తున్నానని నాకే తెలియదు. నాలాగే ఆ మాస్కుల కాలంలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

ఇక అనుమానం సంగతి. నా కేబిన్‌లో తలుపేసుకుని ఎదురుగా కూర్చుని మాట్లాడితే నాకు దాదాపు అంతా వినపడుతుంది. హాల్లోకి వచ్చి వెనక నుంచి పిలిస్తే వినపడదు. పొద్దున బాగా వింటాను, సాయంత్రానికి తగ్గుతుంది. ఇది చూసినవాళ్లకి సహజంగా వచ్చే మాట, “ఆవిడకి కావలసినవి వినపడతాయిలే” అని. ఆ మాట నా చెవిన పడదనుకుని అంటారు. ఇలాంటివి ఎందుకో స్పష్టంగానే వినపడతాయి. నటిస్తున్నానన్నవాళ్లకి నేనొకటే చెబుతాను. చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు మాటని విడదీసి వినడం వేరే పని. ఆరోగ్యంగా ఉన్న చెవులు ఆ పని తెలియకుండానే చేసేస్తాయి. దెబ్బతిన్న చెవి పంపిన ముక్కల్ని మెదడు అతికించుకోవాలి. అలసిపోతే అతకవు.

ఆ అలసట గురించి మీకెవరూ చెప్పి ఉండరు. సాయంత్రం ఆరింటికి రీజినల్ ఆఫీసు వీసీ, అదే వీడియో కాన్ఫరెన్స్, ఉంటుంది కదా. పొద్దుటి నుంచి ముక్కలు అతికించుకుంటూ వచ్చిన బుర్రతో ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. అవతల ఎవరో మైకు మ్యూట్ చేయడం మర్చిపోయి ఉంటారు, ఎవరింట్లోనో కుక్కర్ విజిలేస్తుంది. పెద్దసారు ముఖం అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, వెనకనుంచి వెలుతురు పడి పెదవులు చీకట్లో ఉంటాయి. ఒక్కొక్క బ్రాంచినీ పిలిచి కాసా (కరెంట్, సేవింగ్స్ ఖాతాల డిపాజిట్లు) ఎంత, ఎన్‌పీఏ (మొండి బకాయిల) రికవరీ ఎంత, ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని అని అడుగుతూ వస్తారు. మా వంతు వచ్చిందో లేదో తెలియదు. పక్కనున్న క్లర్కు కాలితో తడితే అప్పుడు తెలుస్తుంది. నా దగ్గర అంకెలన్నీ ఉంటాయి, టార్గెట్ దాటిన నెలలూ ఉన్నాయి. అయినా ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దానికి “మేడం, ప్రిపేర్ అవలేదా?” అనే మాట పడుతుంది. అందరూ వింటుండగా. నాకైతే ఆ టెన్షన్‌కి మధ్యాహ్నం నుంచే అన్నం సయించదు.

కాబట్టి నటించడం నేర్చుకుంటాం. ఇది మాత్రం నిజమైన నటన. నలుగురూ నవ్వితే ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాం. “అవునండీ” అంటాం, ఏమిటో తెలియకుండానే. టీ టైములో గుంపు చేరితే పనుందని లేచిపోతాం. ఫోన్ మోగితే పక్కవాళ్లకి అందిస్తాం, లేదా మెసేజ్ పెట్టమంటాం. మీటింగులో నిశ్శబ్దంగా ఉంటాం, తప్పు జవాబు చెప్పడం కంటే చెప్పకపోవడం మేలనిపించి. ప్రమోషన్ ప్రాసెస్ పెట్టినప్పుడు అప్లై చేయం. రాత పరీక్షకి భయం లేదు, ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు మూడు వైపుల నుంచి అడుగుతారే, దానికి భయం. పైనుంచి చూసేవాళ్లకి ఇదంతా ఆసక్తి లేని ఉద్యోగిలా, గర్విష్ఠిలా, మెత్తబడిన మనిషిలా కనిపిస్తుంది. అప్రైజల్‌లో ‘కమ్యూనికేషన్’ దగ్గర మార్కులు తగ్గుతాయి. అసలు కారణం ఏ కాలమ్‌లోనూ ఉండదు.

మనసు సంగతి కూడా రాస్తాను, ఆఫీసు ఉత్తరంలో ఇదెందుకు అనుకోకండి. ఒక్కసారిగా పోయే నష్టమైతే ఏడ్చి, సర్దుకుని, లేచి నిలబడతాం. ఇది వాయిదాల మీద పోతుంది. ప్రతిసారీ ఆ చిన్న సౌండ్‌ప్రూఫ్ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని, బీప్ వినపడితే బటన్ నొక్కమంటారు. వినపడిందా, వినపడిందని ఊహించుకున్నానా తెలియదు. బయటికి వచ్చాక చేతికిచ్చిన గ్రాఫ్‌లో గీత కిందటిసారి కంటే ఇంకాస్త కుడివైపు కిందికి వంగి ఉంటుంది. అలవాటు చేసుకున్న స్థాయి మళ్లీ చేయి జారుతుంది, మళ్లీ మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి. రాత్రి అందరూ పడుకున్నాక చెవిలో ఒక హోరు ఉంటుంది, దాన్ని టిన్నిటస్ అంటారట. నిద్ర పట్టదు. వినికిడి తగ్గినా పట్టించుకోకుండా వదిలేస్తే మతిమరుపు జబ్బుకి అదొక కారణం కాగలదని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2020 నివేదికలో చదివి కొన్నాళ్లు అదొక భయం. ఏదైనా పేరు గుర్తురాకపోతే చాలు, అయిపోయిందనుకునేదాన్ని. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు సర్దే మా ఆడియాలజిస్టు కసిరితే గానీ తగ్గలేదు. మిషన్ పెట్టుకుని మనుషుల మధ్య ఉండడమే దానికి విరుగుడు, ఇంట్లో తలుపేసుకుని భయపడడం కాదు అన్నారావిడ.

ఇంట్లోవాళ్లూ విసుక్కుంటారు, వాళ్లదీ తప్పు కాదు. కానీ ఇంట్లో అయినా ఆఫీసులో అయినా గుచ్చుకునేది విసుగు కాదండీ. “ఏమన్నారూ?” అని రెండోసారి అడిగినప్పుడు “ఏం లేదులెండి” అంటారే, అదీ. పెద్ద విషయమేం కాకపోవచ్చు, ఏ సినిమా గురించో, ఎవరి పెళ్లి గురించో అయి ఉండొచ్చు. నాకు చెప్పదగ్గది కాదని వాళ్లు నిర్ణయించేశారు. దయచేసి రెండోసారి చెప్పండి. అదే మాట గట్టిగా కాదు, మరో మాటలో చెప్పండి. “శనివారం సెలవా?” అందకపోతే “ఎల్లుండి బ్యాంకుందా?” అంటే అందుతుంది.

గట్టిగా ఎందుకు వద్దంటున్నానంటే, దెబ్బతిన్న చెవికి ఇంకో విచిత్రం ఉంది. మెల్లగా అంటే వినపడదు, గట్టిగా అంటే నొప్పి పుడుతుంది. ఆ రెండింటి మధ్య మీకున్నంత చోటు మాకు ఉండదు. మిషన్ పెట్టుకున్నాక అరిస్తే ఇంకా దారుణం. ముఖం ఎదురుగా పెట్టి, కొంచెం నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడితే చాలు.

మిషన్ల మాటొచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. కళ్లజోడు పెట్టుకోగానే అక్షరాలు తేటపడతాయి. చెవి మిషన్ అలా కాదు. అది ఉన్న కణాలతోనే పని చేయించాలి, పోయినవాటిని తేలేదు. మొదట్లో కాగితం తిప్పితే టపాకాయల్లా ఉంటుంది, నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. మెదడు అలవాటు పడడానికి వారాలు, నెలలు పడుతుంది. మళ్లీ మళ్లీ వెళ్లి సర్దించుకోవాలి, దానికి సెలవు కావాలి. జిల్లాలో ఉన్నవాళ్లకి ఆడియాలజిస్టు ఊళ్లోనే దొరకడు, రాజమండ్రికో విజయవాడకో పోవాలి. కొంచెం మంచి జత కొనాలంటే లక్ష దాటడం మామూలే, నాలుగైదేళ్లకి మళ్లీ మార్చాలి. మన ఆరోగ్య బీమా పాలసీల్లో కళ్లజోళ్లతో పాటు చెవి మిషన్లు కూడా సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటాయి. నాకు జడ ఉంది కాబట్టి మిషన్ కనపడదు. కనపడకుండా ఉండేది ఇవ్వండని షాపులో మొదట అడిగింది కూడా నేనే. ఖరీదు, పనితనం కంటే ముందు అది అడిగానంటే, మన ఆఫీసు వాతావరణం ఎలా ఉందో మీరే చూడండి.

ఇప్పుడు అసలు విషయం.

ఇదివరకు పనిచేసిన ఒక బ్రాంచిలో, నా చెవి సంగతి బయటపడిన కొన్నాళ్లకే, పైవాళ్లు నన్ను పిలవకుండా, అడగకుండా నా సీటు మార్చారు. వెనక రికార్డు రూము పక్కన, పాత వోచర్ల కట్టల మధ్య. “మేడంకి జనంతో ఇబ్బంది లేకుండా ఉంటుంది” అన్నారట. అది శిక్ష కాదు, దయే. ఆ దయ చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కానీ ఆ గదిలో ఎవరితోనూ మాట్లాడే పనే లేకపోయాక నా వినికిడి సాధన ఆగిపోయింది, నా పేరు మీటింగుల నుంచి జారిపోయింది, నేను పైకి తెచ్చిన డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు కిటికీలోంచి తొంగి చూసి “మేడంగారిని ఎందుకు లోపల పెట్టారు?” అని అడిగేవాళ్లు. చెవి తగ్గినవాళ్లకి మనుషులు తగ్గడం మందు కాదు. అడిగి ఉంటే నేను ఏం చెప్పేదాన్నంటే, క్యాష్ కౌంటర్ వద్దు, లోన్ల సీటు ఇవ్వండి, ఎదురుగా కుర్చీ వేసి కస్టమర్‌ని కూర్చోబెట్టి మాట్లాడే పని ఇవ్వండి అని. అక్కడ నా అంత బాగా చేసేవాళ్లు తక్కువ. ఇది గొప్ప కోసం అనడం లేదు. రుణమాఫీ, రీషెడ్యూల్, వడ్డీ రాయితీ ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పడానికి వినే చెవి ఎంత అవసరమో, మనిషి ముఖం చూసి అర్థం చేసుకోవడం కూడా అంతే అవసరం. ఆ రెండోది మాకు బతకడానికే అలవాటైపోతుంది.

నవంబర్‌లో చూడండి. పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తారు. రిటైరైన మాస్టార్లు, రైల్వే వాళ్లు, మిలటరీ వాళ్లు, సగానికి సగం మందికి చెవులు సరిగా ఉండవు. కుర్రాళ్లు వాళ్లతో అరుస్తూ, విసుక్కుంటూ ఉంటారు. నేను ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని పెద్దక్షరాలతో రాసి చూపిస్తాను, వాళ్లు ముఖం చూస్తారు, నేనూ వాళ్ల ముఖం చూస్తాను. అరుపుల్లేవు. ఒకాయన తన జేబులోంచి మిషన్ తీసి చూపించి, ఇది పనిచేయట్లేదమ్మా అన్నారు. బ్యాటరీ తిరగేసి పెట్టారు, సరిచేసి ఇచ్చాను. ఆ నెలంతా ఆ లైను నా దగ్గరే పెద్దదిగా ఉంటుంది. దాన్ని మీరు ఏ టార్గెట్ కిందా లెక్కపెట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

చట్టం మీకు నాకంటే బాగా తెలియాలి. అయినా రాస్తాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి మందగించినవాళ్లు, 70 ఉంటే బధిరులు. మామూలుగా ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే ఆ గీత చేరేసరికి మామూలు మాట చెవి అంచున వేలాడుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచి చెవిలో 35 డెసిబెల్స్ దాటితేనే ఇబ్బంది పెట్టే లోపంగా లెక్కిస్తుంది. నాది ఇప్పుడు 50 దాటింది. ఆ సంస్థ లెక్కలో ఎప్పుడో పడ్డాను, సదరం క్యాంపుకి వెళితే మాత్రం నాకు సర్టిఫికెట్ రాదు. 35కీ 60కీ మధ్య మేం ఎవరి మనుషులం?

మన హెచ్‌ఆర్ వాళ్లు ఇక్కడే “సర్టిఫికెట్ లేదు కదా మేడం” అంటారు. చట్టం చదవండి. రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు ఉంది, నిజమే. కానీ 20వ సెక్షన్‌లో ఉద్యోగికి తగిన సదుపాయం కల్పించాలని రాసినచోట ఆ 40 శాతం మాట లేదు. అదే సెక్షన్‌లో, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లని ప్రభుత్వ సంస్థ ఏదీ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు ఇవ్వాలి అని ఉంది. 21వ సెక్షన్ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటుంది. 23వ సెక్షన్ ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలంటుంది. ఆ అధికారి పేరు మీ బ్రాంచి నోటీసు బోర్డు మీద ఉందా? కనీసం మేనేజర్‌కి తెలుసా? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన కేసులో తీర్పు ఇచ్చింది. రంగులు పోల్చుకోలేకపోతున్నాడని ఆయన్ని ఇంటికి పంపేశారు. వేరే పని ఉందేమో చూడకుండా అలా పంపడం చెల్లదని, తగిన పోస్టులో తీసుకోమని కోర్టు చెప్పింది. అది బస్సు డ్రైవర్ ఉద్యోగం. మనవి బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగాలు. మనకి వేరే పని చూపించడం ఇంకెంత సులువు, చెప్పండి.

సులువే. నేను పనిచేసిన మేనేజర్లలో ఒకాయన వీసీ అవగానే ఐదారు లైన్లలో ముఖ్యాంశాలు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. నా కోసం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా బ్రాంచి అంతా దాని మీదే ఆధారపడ్డారు, మిగతావాళ్లు కూడా సగం వినేవాళ్లు కాదని అప్పుడు తెలిసింది. రీజినల్ ఆఫీసు ఎజెండా ముందు రోజు మెయిల్ చేస్తే, వీసీలో క్యాప్షన్లు ఆన్ చేస్తే, అడిగే బ్రాంచి పేరు స్క్రీన్ మీద రాస్తే అయ్యే ఖర్చు సున్నా. మాటని అక్షరాలుగా మార్చి చూపించే యాప్‌లు ఇప్పుడు ఫోన్లో తెలుగులో కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. తప్పులు చేస్తాయి, మన యాస పడదు వాటికి, అయినా నాకు సగం భారం దించాయి. కానీ ఆఫీసులో కస్టమర్ ముందు సొంత ఫోన్ పెట్టుకుని వాళ్ల మాట రికార్డవుతుందేమోనన్న భయంతో వాడలేం. దానికో పద్ధతి మీరు చెప్పాలి, ఏది వాడొచ్చో ఏది వాడకూడదో ఒక సర్క్యులర్‌లో రాయాలి. రైల్వే టికెట్ కౌంటర్ల దగ్గర అద్దానికి అటూ ఇటూ మైకు, స్పీకరు ఉండడం చూస్తుంటాం. మనకెందుకు ఉండకూడదు? అవతలి మనిషికి కూడా పనికొస్తుంది. కొత్త బ్రాంచికి ఇంటీరియర్ చేయించేటప్పుడు పైకప్పుకి శబ్దం పీల్చే పలకలు వేయమని ఒక్క లైను చేర్చండి. ర్యాంపులు కట్టాం, మాట్లాడే ఏటీఎంలు పెట్టాం, సంతోషం. చెవికి కూడా ఒక ర్యాంపు కావాలి.

సీటు మార్చేటప్పుడు నా వెనక గోడ ఉండేలా, ఎదుటివాళ్ల ముఖం మీద వెలుతురు పడేలా వేయమని అడిగితే అది నఖరా కాదు. ఇంటర్వ్యూలో ప్రశ్నలు రాసి ఇవ్వమంటే అది రాయితీ కాదు, జవాబు నేనే చెప్పాలి కదా. నిప్పు అలారం మోగితే నాకు వినపడకపోవచ్చు, ఒక లైటు కూడా వెలగాలి. ఇలాంటివి ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటాయి కాబట్టి జాబితా తయారుచేసి అందరికీ ఒకటే పంచకండి. పిలిచి అడగండి. ఆ అడగడం కూడా హాల్లో నలుగురి మధ్య వద్దు, తలుపేసిన గదిలో, ఎదురుగా కూర్చుని.

ఏటా హెల్త్ చెకప్ చేయిస్తాం. షుగర్, బీపీ, ఈసీజీ, కళ్లు. చెవి పరీక్ష మా ప్యాకేజీలో లేదు. నలభై దాటిన అందరికీ ఆడియోమెట్రీ చేర్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 2050 నాటికి దాదాపు 250 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుంది. అందులో మన సిబ్బందీ ఉంటారు, మన ఖాతాదార్లూ ఉంటారు. ముందే తెలిస్తే ముందే మిషన్ పెట్టుకుంటారు, ముందే పెట్టుకున్నవాళ్లకి అలవాటు తేలిగ్గా పడుతుంది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ పరీక్ష రిపోర్టు ఉద్యోగి చేతికే వెళ్లాలి, అప్రైజల్ ఫైల్లోకి కాదు. ఆ హామీ లేకుండా పరీక్ష పెడితే ఒక్కరు కూడా నిజంగా బటన్ నొక్కరు.

సంఘాల నాయకులకి విడిగా ఒక మాట. మీరు మాకోసం చాలా పోరాడారు, ఐదు రోజుల వారం దాకా. కానీ మన మీటింగులు కూడా మైకు గీపెట్టే కల్యాణ మండపాల్లోనే జరుగుతాయి, ఎవరు ఏం మాట్లాడారో నాకు మర్నాడు కరపత్రం చూస్తే గానీ తెలియదు. చెవి తగ్గిన సభ్యులు ఎందరున్నారో పేర్లు అక్కర్లేకుండా ఒక్కసారి అడిగి చూడండి. 2024 మార్చి 8న సంతకాలైన పన్నెండో ద్వైపాక్షిక ఒప్పందం (జీతాల మీద సంఘాలకీ బ్యాంకు యాజమాన్యాలకీ మధ్య కుదిరేది) 2027 అక్టోబర్ 31తో ముగుస్తుంది. తర్వాతి ఒప్పందానికి డిమాండ్ల పట్టిక రాసేటప్పుడు నాలుగు విషయాలు చేర్చండి: చెవి మిషన్ల ఖర్చు, దాన్ని సర్దించుకోవడానికి వెళ్లే రోజులకి సెలవు, నలభై దాటితే ఆడియోమెట్రీ, అడగకుండా సీటు మార్చకూడదన్న నిబంధన. జీతాల లెక్కల పక్కన ఇవి చిన్నవిగా కనిపిస్తాయని తెలుసు. చర్చల్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే మొదటి మూడింట్లో వదులుకోండి, నాలుగోది వదలకండి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఆఫీసర్,
గోదావరి జిల్లాల నుంచి